ముసుగు వెనక మొనగాడు

పగలంతా చేతకానివాడనిపించుకుని, పొద్దు గుంకాక ముఖానికి నల్లగుడ్డ కట్టి దుర్మార్గుల పనిపట్టే వీరుడి కథ చాలా దేశాల్లో ఉంది. దాన్ని ఇంటింటికీ చేర్చినవి మాత్రం చవక కాగితం మీద అచ్చయిన నవలలు. 1919లో అమెరికాలో జాన్‌స్టన్ మెకల్లీ ‘జోరో’ను పుట్టించాడు. 1943లో స్పెయిన్‌లో హొసే మల్యోర్కి ‘ఎల్ కొయోతే’ను రాశాడు. కాలిఫోర్నియా అమెరికా చేతికి చిక్కిన రోజుల కథ అది. లాస్ ఏంజెలెస్‌లో డాన్ సెసర్ అనే భూస్వామి ఉంటాడు. బద్ధకస్తుడు, పిరికివాడు అని కన్నతండ్రే అతణ్ణి ఈసడించుకుంటాడు. రాత్రి కొయోతేగా మారి గుర్రమెక్కేదీ అతనే. దోషి చెవితమ్మెను తూటాతో చీల్చి వదిలెయ్యడం అతని గుర్తు. ఈ వరసలో దాదాపు రెండు వందల నవలలు వచ్చాయి. 1955లో కొయోతే వెండితెర మీదికీ వచ్చాడు. మరో పదేళ్లకు స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి ఇటలీవాళ్ల కౌబాయ్ సినిమాలకు అడ్డా అయింది.

ఈ కథ కోసం తెలుగువాళ్లు స్పెయిన్‌కు బాకీ పడనక్కర్లేదు. 13వ శతాబ్దంలోనే నెల్లూరులో, మనుమసిద్ధి ఏలుబడిలో తిక్కన సోమయాజి భారతాన్ని విరాటపర్వంతో అందుకున్నాడు. ముసుగు వీరుడి కథలో ఉండాల్సిన పనితనమంతా ఆ ఒక్క పర్వంలో ఉంది. భీముడు వలలుడనే వంటవాడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. నిండు కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నుతాడు. భీముడి చూపు అక్కడున్న చెట్టు మీద పడుతుంది. పెరికి చేతబడితే కీచకుడితో పాటు అజ్ఞాతవాసమూ ముగిసినట్టే. అప్పుడు కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, వంటచెరుకు కావాలంటే వేరేచోట చూసుకోమన్న అర్థం వచ్చేలా వంటవాణ్ణి హెచ్చరిస్తాడు. సభకు అది వంటింటి ముచ్చట, భీముడికి అన్న ఆజ్ఞ. ఒకే మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా పడటం ఈ కథల్లో అన్నిటికన్నా కష్టమైన విద్య. ఎనిమిది వందల ఏళ్లవుతున్నా తెలుగులో ఆ సన్నివేశాన్ని మించింది రాలేదు.

ఈ విద్యకు కొన్ని సూత్రాలున్నాయి. మొదటిది అవమానం. పగటి బతుకులో వీరుడు ఎంత చులకనైతే రాత్రి దెబ్బకు అంత బలం. రెండోది గుట్టు తెలిసిన మనిషి. ఒక్కరికైనా నిజం తెలియాలి, లేకపోతే ఆ రెండర్థాల మాటలకు తావుండదు. మూడోది గుర్తు. జోరో కత్తితో అక్షరం గీస్తాడు, కొయోతే చెవిని గురిచూస్తాడు. భీముడు కీచకుణ్ణి కాలేదో చెయ్యేదో తెలియని మాంసపు ముద్ద చేసి వదిలేస్తాడు. తెల్లారి చూసినవాళ్లు ఇది మనుషుల పని కాదు, గంధర్వులదే అనుకుంటారు. నాలుగోది ముసుగు తీసే సమయం. తొందరపడితే కథ తేలిపోతుంది, మరీ సాగదీస్తే జనం లేచిపోతారు.

అచ్చులో తెలుగు పాఠకులు ఈ రుచిని డిటెక్టివ్ నవలల్లో వెతుక్కున్నారు. అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, ఆ తర్వాత మధుబాబు షాడో ఒక్కరోజు కూడా బీరువాలో నిలిచేవారు కాదు. గుర్రం, తుపాకీ, పగ మాత్రం తెర మీదే స్థిరపడ్డాయి. 1963లో విఠలాచార్య తీసిన ‘బందిపోటు’లో ఎన్.టి.రామారావు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడు. 1966లో ‘గూఢచారి 116’తో హీరో కృష్ణ చేతికి పిస్తోలు వచ్చింది.

ఇక అసలు మొనగాడు కె.ఎస్.ఆర్.దాస్. 1936లో అప్పటి నెల్లూరు జిల్లా వెంకటగిరిలో పుట్టాడు. ఆ ఊరి పేరు చెబితే లోకానికి చీరలే గుర్తొస్తాయి, దాస్ గుర్తురాకపోవడం అన్యాయం. ఎడిటింగ్ తెలిసిన దర్శకుడాయన. 1966లో ‘లోగుట్టు పెరుమాళ్లకెరుక’ తీశాడు. 1970లో ‘రౌడీరాణి’తో నటి విజయలలిత చేతికి పగ అప్పగించాడు. హీరోయిన్ అంటే చెట్టు చుట్టూ తిరిగే మనిషి అనుకునే రోజుల్లో ఆమె తన్నిన తన్నులకు హాళ్లు దద్దరిల్లాయి. అదే కథను ‘రాణీ మేరా నామ్’గా హిందీకీ తీసుకెళ్లాడు. ఆడమనిషి పగ కథకు బాక్సాఫీసు తలుపు తీసిన ఘనతలో సింహభాగం ఆయనదే.

1971 ఆగస్టు 27న వచ్చిన దాస్ సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ తెలుగు కౌబాయ్ సినిమాకు మూలపురుషుడు. పద్మాలయా వారి చిత్రం, ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ సినిమాలకు అల్మేరియా ఎలాగో, దీనికి రాజస్థాన్ ఎడారి అలా అమరింది. మద్రాసు నుంచి యూనిట్ ప్రత్యేక రైల్లో వెళ్లిందని, నెల తిరక్కుండానే షూటింగ్ ముగించారని చెప్పుకుంటారు. ఇందులో వీరుడు ముఖానికి గుడ్డ కట్టడు, అయినా నిధి వేట అడుగున నడిచేది పగే. నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న లియోనీ సినిమాలోని టూకో అనే జిత్తులమారి దొంగకు చుట్టమే. కానీ అతని నోట ఆరుద్ర పెట్టిన మాటలు అచ్చమైన తెలుగు మాటలు. ఎరువు తెచ్చుకున్న సరుకును సొంతం చేసుకోవడమంటే అది. ఆ బొమ్మ ఇంగ్లీషులో ‘ట్రెజర్ హంట్’ పేరుతో విదేశాలకూ వెళ్లింది.

ఈ సినిమాల్లో పనితనం తెలియాలంటే తుపాకుల పోటీని దగ్గరగా చూడాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. మొదట దూరపు షాట్, మైదానమంతా కనిపిస్తుంది. తర్వాత నడుము దగ్గర వేళ్లు, టోపీ అంచు కింద కళ్లు, మళ్లీ వేళ్లు. ఒక్కో షాట్ అంతకు ముందుదానికన్నా కురచ అవుతూ వస్తుంది. సెకనుకు 24 ఫ్రేములైతే చివరి ముక్కలు పది, పన్నెండు ఫ్రేములకు మించవు. ఎక్కడ కోయాలో చిత్రీకరణ నాడే మనసులో ఉన్న దర్శకుడికే ఇది సాధ్యం. గుర్రాల పరుగు జోరుగా కనిపించాలంటే కెమెరాను కాస్త నెమ్మదిగా తిప్పుతారు. ఎండలోనే తీసి ఫిల్టర్‌తో రాత్రి చేస్తారు. డెక్కల చప్పుడు కొబ్బరి చిప్పలతోనూ పలికించవచ్చు. ముసుగు వల్ల ఫైట్ మాస్టర్‌కూ లాభముంది. ముఖం కనిపించదు కాబట్టి డూప్‌ను దగ్గరగా చూపించినా దొరకడు.

అదే 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’, మరుసటేడు ‘పిస్తోలువాలి’ తీశాడు దాస్. కన్నడంలోనూ వరసగా తీశాడు. మొత్తం వంద దాకా ఉంటాయంటారు. 2012లో కన్నుమూశాడు. ఇంత చేసినా సినిమా చరిత్ర రాసేవాళ్లు ఆయనకు రెండు వాక్యాలిచ్చి సరిపెడతారు. కుటుంబ కథ తీస్తే కళాకారుడు, గుర్రాన్ని దౌడు తీయిస్తే మాస్ డైరెక్టరా?

ముసుగు వీరుణ్ణి తెలుగు తెర నిండుగా చూపింది 1990లో. ఎ.కోదండరామిరెడ్డి దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘కొండవీటి దొంగ’ ఆ మార్చి 9న విడుదలైంది. 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో శబ్దంతో వచ్చింది. చదువుకున్న గిరిజన యువకుడు రాజా రాత్రిపూట ముసుగు కట్టి గుర్రమెక్కి, ఊరి పెద్దల సొమ్ము పేదలకు చేరుస్తాడు. జోరో, కొయోతేల వారసుడంటే అతనే. అదే ఏడు ‘కొదమసింహం’, 2002లో ‘టక్కరి దొంగ’ వచ్చాయి. ఆ తర్వాత వరస తెగిపోయింది.

ఇప్పుడూ ముసుగులు కనిపిస్తున్నాయి, కానీ రెండు నిమిషాల్లో ఊడిపోతాయి. స్టార్ ముఖం కనపడకపోతే అభిమానులు ఒప్పుకోరట. హీరోను పగటి బతుకులో ఒకడు చెంపదెబ్బ కొడితే ఇమేజ్ దెబ్బతింటుందట. అవమానం తీసేశాక ముసుగెందుకు? గ్రాఫిక్స్ గుర్రాలు, స్లోమోషన్ నడకలు, మీటరు లెక్కన నేపథ్య సంగీతం కలిసి పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది వ్యవహారం. కురచ షాట్లు ఇప్పుడూ ఉన్నాయి. ఎవడు ఎవణ్ణి కొట్టాడో మాత్రం తెలియదు.

దాస్ సినిమాల్లో చాలావాటికి మంచి ప్రింటు దొరకదు. వెలిసిపోయిన బొమ్మ, గీరుకుపోయిన శబ్దంతో ఇంటర్నెట్‌లో కనిపించేదే దిక్కు. ‘మోసగాళ్లకు మోసగాడు’ను 4కెలో శుభ్రం చేసి 2023 మే 31న, ఆ సినిమా హీరో కృష్ణ పుట్టినరోజున మళ్లీ విడుదల చేశారు. మనసుంటే చెయ్యొచ్చని తేలింది కదా! ‘రౌడీరాణి’కి, ‘పిస్తోలువాలి’కి ఆ భాగ్యం ఎందుకు పట్టకూడదు? వెంకటగిరికి ఎంతో దూరం లేని సూళ్లూరుపేటలో ఒక సినిమా హాల్లో 106 అడుగుల వెడల్పు తెర ఉంది. సొంత గడ్డ మీద పుట్టిన దర్శకుడి బొమ్మకు ఏడాదికి ఒక్క వారమైనా ఆ తెర ఇవ్వాలి. నెగటివ్‌లు ఎవరి దగ్గరున్నా ఆర్కైవ్‌కు అప్పగించాలి. సినిమా బడుల్లో దాస్ తుపాకుల పోటీని, తిక్కన కీచకవధను పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాలి.