అప్పును అప్పుతో గుణిస్తే ఆస్తి అవుతుందా?

“రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్” అని మనమంతా తరగతిలో వల్లె వేసినవాళ్ళమే. సరే, (−3) + (−5) ఎంత? చటుక్కున +8 అని రాసేవాళ్ళు ఉంటారు. సరైన జవాబు −8. గుణకారానికి చెప్పిన మాటను అన్నిటికీ అతికించడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మన దేశంలో ఈ నియమాలను పాతకాలంలో ఇంత అజాగ్రత్తగా చెప్పలేదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రచించిన ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’ 18వ అధ్యాయం చూడండి. ధనం, ఋణం, సున్న – ఈ మూడింటికీ కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలకు ఆయన విడివిడిగా నియమాలిచ్చాడు. రెండు ఋణాల మొత్తం ఋణం. రెండు ఋణాల లబ్ధం ధనం. సమానమైన ధన, ఋణాల మొత్తం సున్న. కూడిక, తీసివేతల నియమాలు అంతకు ముందే చైనా గణితంలో ఉన్నా, సున్నను కూడా ఒక సంఖ్యగా చేర్చి ఇంత సమగ్రంగా చెప్పడం ఆయన ఘనత.

అయితే గౌరవం వేరు, పరీక్ష వేరు. ఈ నియమాల్లో మూడు విషయాలను నిలదీసి చూడాలి.

మొదటిది పోలిక. చిన్నదాన్ని పెద్దదాని నుంచి తీసివేయమంటాడు బ్రహ్మగుప్తుడు. −8, −3లలో ఆయనకు పెద్దది −8, ఎందుకంటే అది పెద్ద అప్పు. కాబట్టి (−8) − (−3) = −5. ఇక్కడ ఆయన చూసింది పరిమాణాన్ని. నేడు దాన్నే పరమ మూల్యం అంటున్నాం. కాని సంఖ్యారేఖ మీద −3 కుడివైపున ఉంటుంది, కాబట్టి అదే పెద్దది. ఒక రాత్రి ఉష్ణోగ్రత −8 డిగ్రీలు, మర్నాటి రాత్రి −3 డిగ్రీలు అనుకోండి. ఏ రాత్రి చలి తక్కువ? రెండో రాత్రే కదా! అప్పు ఉపమానాన్నే పట్టుకు వేలాడితే పోలికలో పొరపాటు తప్పదు.

రెండోది గుణకారం. కూడికకు అప్పు, ఆస్తి చక్కగా సరిపోతాయి. కాని అప్పును అప్పుతో గుణించడం అంటే ఏమిటి? ఏ వడ్డీ వ్యాపారికీ అర్థం కాదు! బ్రహ్మగుప్తుడు ఫలితం చెప్పాడు గాని, ఆ నియమం పక్కన కారణం చెప్పలేదు. కారణం మనమే వెతుకుదాం. 3 + (−3) = 0. కాబట్టి (−4) × [3 + (−3)] కూడా 0 కావాలి. విభాగ న్యాయం ప్రకారం ఇది (−4) × 3, (−4) × (−3)ల మొత్తం. మొదటిది −12. మరి మొత్తం సున్న కావాలంటే రెండోది +12 అయితీరాలి. అంతే! ధన సంఖ్యలకు పనిచేసే న్యాయం ఋణ సంఖ్యలకూ పనిచేయాలని కోరుకుంటే మరో దారి లేదు.

మూడోది సున్న. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడాయన. ఇది నిలబడదు. 0 × 5 = 0, 0 × 7 = 0; అంటే జవాబు 5 అనీ చెప్పవచ్చు, 7 అనీ చెప్పవచ్చు. అందుకే నేటి గణితం ఈ భాగహారాన్ని నిర్వచించదు.

ఒకే అధ్యాయంలో గొప్ప నియమమూ ఉంది, పొరపాటూ ఉంది. రెంటినీ విడదీసి చూపింది గ్రంథకర్త పేరు కాదు, మనం అడిగిన “ఎందుకు?” అన్న ప్రశ్న. రేపు తరగతిలో ఏ సూత్రం చెప్పినా ఇదే ప్రశ్న వేయండి. అన్నట్టు, (−1) × (−1) = +1 అని పైన చూపిన పద్ధతిలోనే మీరు రుజువు చేయగలరా? ప్రయత్నించండి.