బ్రేకు ఇన్‌స్పెక్టరు చూడని చక్రము

ఈ వారము రాజుపాలెములో నాకు మిక్కిలి సంతోషము గూర్చిన సంగతి, మా వీధి మాస్టారి మారుతి 800 రెండవ పర్యాయము ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) పాసగుట. 2005 నాటి బండి అది. సొంతకారునకు మొదటి రిజిస్ట్రేషను 15 యేండ్లు చెల్లును; అటుపై ప్రతి 5 యేండ్లకును బండిని తీసికొనిపోయి, ఇన్‌స్పెక్టరునకు చూపి, తిరుగుటకు యోగ్యమని వ్రాయించుకొనవలెను. మాస్టారి కారు రెండు పర్యాయములును పోయినది పోయినట్లే నెగ్గి వచ్చినది. అంతియేకాదు, పిడుగురాళ్ల మొదలు సత్తెనపల్లి వరకు నే నెరిగిన పాత చిన్నకార్లలో ఎఫ్.సి. తప్పిన బండి యొక్కటియు నాకు జ్ఞాపకము రాదు.

ఈ శీర్షికను వదలక చదువువారికి నా పాతపాట తెలియనిది కాదు. విప్పి, తుడిచి, మరల బిగింపగల వస్తువే వస్తువని కిర్లోస్కరు ఇంజనును గూర్చి వ్రాసినప్పుడును, చేతి కుట్టుమిషనును గూర్చి వ్రాసినప్పుడును చెప్పియుంటిని. 1983 డిసెంబరు 14వ తేదీన ఇందిరాగాంధి మొదటి కారు తాళములను ఒక కొనుగోలుదారు చేతికిచ్చిన నాటినుండి, 2014 జనవరిలో తయారీ నిలిచిన నాటివరకు, మారుతి 800 ఆ జాతికే చెందిన వస్తువు. 796 సి.సి.ల మూడు సిలిండర్ల ఇంజను. అదే ఇంజను ఓమ్నీ వ్యానులోను ఉండుటచేత, సామాను నరసరావుపేటలో అడిగినదే తడవుగా దొరకును. చెట్టు క్రింద రేకులషెడ్డు వేసికొన్న మెకానిక్కైనను దానిని విప్పి బిగింపగలడు. 2010లో పొగ నిబంధనలు బిగిసి హైదరాబాదు మొదలగు 13 నగరములలో దీని యమ్మకము నిలిచినను, పల్లెలు దీనిని విడువలేదు.

ఇట్టి బండిపై ప్రభుత్వము వారికి వయస్సును బట్టి కోపము వచ్చుట నాకు గిట్టని విషయము. కారు రిజిస్ట్రేషను పొడిగించు రుసుము 600 రూపాయలుండగా, 2022 ఏప్రిలు 1 నుండి 5,000 చేసిరి. 20 యేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 అనిరి. బండికి వయస్సు లెక్కకాదు, స్థితి లెక్క. స్థితిని తేల్చుటకు ఎఫ్.సి. యున్నది కదా, నెగ్గిన బండిని తిరుగనిండని వ్రాయుటకే ఈ వారము కలము పట్టితిని. కాని నెగ్గుట యనగా నేమియో తలపోయుచుండగా నా బాల్యము జ్ఞప్తికి వచ్చినది.

వేసవి సెలవులలో నేను పిడుగురాళ్లలో మా మేనమామగారి లారీషెడ్డును అంటిపెట్టుకొని తిరుగుచుండెడివాడను. సున్నపుబట్టీల ఊరగుటచేత అక్కడ లారీలకు కొదువ లేదు. మనుష్యుల కనుబొమ్మలు మొదలు రేడియేటరుల వరకు అన్నిటిపైనను తెల్లని ధూళియే. ఎఫ్.సి. దగ్గరపడినదన్న షెడ్డంతయు పెండ్లిసందడిగా నుండెడిది. క్యాబినుకు రంగు, బంపరుకు పసుపు నలుపు చారలు, పగిలిన దీపమునకు కొత్త అద్దము, మందులు లేని ఫస్ట్‌ఎయిడ్ పెట్టె. మంచి టైర్లు కొన్ని ఈ పనికొరకే ప్రత్యేకముగా నుండెడివి. వానిని నేడొక లారీకి బిగించి ఎఫ్.సి. చేయించి, సాయంకాలము విప్పి, మరునాడు వేరొక లారీకి బిగించెడివారు. టైర్లు పాసగుచుండెను; లారీలు మాత్రము అరిగిన టైర్లతోనే మాచర్ల రోడ్డు పట్టుచుండెను.

అట్టి షెడ్డువారికిని భయము గొలిపిన ఇన్‌స్పెక్టరు ఒకరుండిరి. ఆ యుద్యోగిని మా ప్రాంతమున నేటికిని బ్రేకు ఇన్‌స్పెక్టరనియే పిలుతురు. ఆయన ఆ పేరునకు తగినవారు. రంగువంక చూడరు. ఊరి వెలుపలి మట్టినేలపై లారీని తోలించి, అది వేగము పుంజుకొనిన పిదప చేయి క్రిందికి విసరగానే, డ్రైవరు రెండుకాళ్లతో బ్రేకుమీద నిలువవలెను. దుమ్ము అణగిన తరువాత ఆయన వంగి, నేలపై టైర్లు గీసిన గీతలను చూచుచు వెనుకకు నడచెడివారు. ఎడమగీత యెచట మొదలైనది, కుడిగీత యెచట మొదలైనది, ఏది లోతు, ఏది పలుచన, బండి ఏ ప్రక్కకు గుంజినది. చివరకు నిలుచుండి, "కుడి వెనకాల పట్టట్లేదు, విప్పి చూసి రేపు తీసుకురా" అని, కాగితము జేబులో పెట్టుకొని పోయెడివారు. విప్పి చూచిన, ఆయన చెప్పిన చక్రములోనే లోపముండెడిది. మా మేనమామగారు ఆయనను తిట్టినరోజు లున్నవి. అయినను డ్రైవర్లు మాత్రము ఆయన పాసుచేసిన లారీయే కావలెనని అడిగి మరీ ఎక్కెడివారు.

ఇక మాస్టారి కారు సంగతి. ఎఫ్.సి. వచ్చిన మరునాడే బ్రేకాయిలు తగ్గుచున్నదని మాస్టారు మెకానిక్కును పిలిపించిరి. నేనును ప్రక్కన నిలుచుంటిని. ఎడమ వెనుక డ్రమ్మును సుత్తితో నలువైపుల తట్టి లాగగా, వీల్ సిలిండరు నుండి కారిన ఆయిలు బ్రేకుపొడితో కలిసి నల్లని అడుసై షూలకు పట్టియున్నది. వ్రేలితో ముట్టిన జారిపోయినది. లైనింగు మందమునకు లోపము లేదు. తడిసినందున పట్టు లేదు. "ఇదెప్పటినుంచో కారతంది మాస్టారూ. మీరు నెమ్మదిగా తోలతారు కాబట్టి తెలవలా" అని మెకానిక్కు అనెను.

ఈ కారును పాసుచేసిన ఇన్‌స్పెక్టరుపై నాకు ఫిర్యాదు లేదు. ఆయన ఛాసిస్ నంబరును పెన్సిలు అచ్చుతో సరిచూచెను, దీపములు వెలిగించి చూచెను, హారను మ్రోగించెను, సిమెంటు ఆవరణలో కొంతదూరము నడిపించి ఆపించెను. మూసిన డ్రమ్ములోనిది కంటికి కనబడదు. గంటకు 30 కిలోమీటర్ల వేగమునుండి 13 మీటర్లలోపల ఆగవలెనని నిబంధన కలదు. మూడు చక్రములు గట్టిగా పట్టినచో బండి ఆ దూరములో ఆగనే ఆగును. తడిసిన రోడ్డుపై గేదె అడ్డము వచ్చి గట్టిగా త్రొక్కినప్పుడే నాల్గవ చక్రము సంగతి బయటపడును.

దానిని కనిపెట్టుటకు డ్రమ్ము విప్పవలసిన పనియు లేదు. చక్రములను రోలర్లపై నిలిపి త్రిప్పుచు బ్రేకు వేసినచో, ఎడమ దెంత పట్టినది, కుడి దెంత పట్టినది, వేరువేరుగ అంకెలలో తేలును. నాటి ఇన్‌స్పెక్టరు మట్టిలో చదివినదియు అదియే. ఇట్టి యంత్రములుగల తనిఖీ కేంద్రములకు కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరులోనే నిబంధనలు చేసినది. బ్రిటనులో 1960లో ఈ పరీక్ష మొదలిడినప్పుడు 10 యేండ్లు దాటిన బండ్లకే; తప్పినవి మిక్కుటముగా నుండుటచేత మరుసటి యేడే 7 యేండ్లకును, 1967లో 3 యేండ్లకును దించిరి. ఇప్పు డక్కడ ఏటేటా పరీక్ష; పది కార్లలో సుమారు మూడు మొదటిసారి తప్పుచున్నవి; 2005 నుండి జరిగిన పరీక్షలలో ఏ బండి దేనివలన తప్పెనో నంబరు కొట్టి యెవ్వరైనను చూడవచ్చును. అక్కడ నెగ్గిన పాతకారును నేను నమ్ముదును. ఇక్కడ నెగ్గినదానిని నమ్ముటకు డ్రమ్ము విప్పించుకొనవలసియున్నది.

కావున పాతకార్ల పక్షమున నేను కోరునది రుసుము తగ్గింపు కాదు. అయిదేండ్ల కొకసారి అయిదువేలు పుచ్చుకొనుటకు మారుగా, ఏటేటా వేయిరూపాయలు పుచ్చుకొని బండిని రోలర్ల మీది కెక్కింపుడు; నాలుగు చక్రముల అంకెలను కాగితముపై అచ్చువేసి చేతికిండు; తప్పినదానిని తప్పినదని వ్రాయుడు. లారీపై మోయదగిన రోలరు యంత్రములును ఉన్నవి గనుక, అట్టిదానిని నెల కొకదినము మా మండలమునకు పంపవచ్చును. వచ్చిన దినమున మాస్టారి కారుకంటె ముందు దానిమీది కెక్కవలసినవి మిరపకోతలకు కూలీలను నింపుకొని తెల్లవారుజామున బయలుదేరు ట్రాక్టరు ట్రక్కులు. వానిలో బ్రేకులున్నవి యెన్నియో తేలవలసియున్నది.