యజమాని చేతికందని సొమ్ము

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువారిలో చాలామంది జీతంలో కొంత భాగాన్ని 401(కె) అనే రిటైర్మెంటు పథకంలో మదుపు చేస్తూ, ఫోనులో కనిపించే యూనిట్లన్నీ తమ పేరునే ఉన్నాయనుకుంటారు. చట్టం దృష్టిలో వాటి హక్కుదారు ఆ ఉద్యోగి కాడు, జీతమిచ్చే కంపెనీ అసలే కాదు. 1974 సెప్టెంబరు 2న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో వచ్చిన, ఎరిసాగా పేరుపడిన ఉద్యోగుల రిటైర్మెంటు ఆదాయ భద్రతా చట్టం ప్రకారం, బీమా ఒప్పందాల వంటి కొన్ని మినహాయింపులు పోగా, పథకం ఆస్తులన్నీ ట్రస్టు అధీనంలో ఉండాలి. ఒకరి మేలు కోసం మరొకరు ఆస్తిని తమ పేరున ఉంచుకునే ఏర్పాటే ట్రస్టు. ఉంచుకునేది ట్రస్టీ, మేలు పొందేది లబ్ధిదారు.

ఒక జీతపు రోజును గమనిస్తే ఈ ఏర్పాటు నడిచే తీరు తేటపడుతుంది. ఉద్యోగి జీతంలోంచి 500 డాలర్లు కోత పడ్డాయనుకుంటే, కంపెనీ ఆ మొత్తాన్ని తన సొమ్ము నుంచి వేరుచేయడం సాధ్యమైన వెంటనే, ఎంత ఆలస్యమైనా మరుసటి నెల 15వ పనిదినం దాటకుండా ట్రస్టుకు జమచేయాలి. ఈ గడువు ఆఖరి హద్దే తప్ప అన్నాళ్లూ సొమ్మును వాడుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు కాదు. ఆ డబ్బుతో మ్యూచువల్ ఫండు యూనిట్లు కొన్నప్పుడు ఫండు పుస్తకాల్లో సాధారణంగా ట్రస్టు తరఫు పేరే నమోదవుతుంది. అందులో ఎవరి వాటా ఎంతో లెక్కరాసేది రికార్డుకీపర్ అనే వేరొక సంస్థ. పెద్ద పథకాల్లో మ్యూచువల్ ఫండుకు బదులు అనేక రిటైర్మెంటు పథకాల సొమ్మును బ్యాంకు ఒకచోట కలిపి నడిపే ఉమ్మడి మదుపు ట్రస్టు కూడా ఉండవచ్చు. అది బయటి మదుపరులకు అమ్మేది కాదు కాబట్టి, దాని ధర కోసం షేర్ల వెబ్‌సైట్లలో వెతికి దొరకక కంగారుపడేవారు నిజానికి కంగారుపడనక్కరలేదు.

ఇన్ని పేర్ల మధ్య మదుపును ఎంచేది ఎవరన్నదే అసలు ప్రశ్న. చాలా 401(కె) పథకాల్లో ట్రస్టీ తనకు చెప్పినట్టు కొని పెడతాడంతే. ఏయే ఫండ్లు జాబితాలో ఉండాలో కంపెనీ నియమించిన కమిటీ నిర్ణయిస్తుంది, వాటిలోంచి ఉద్యోగి ఎంచుకుంటాడు. ఆ కమిటీ లబ్ధిదారుల ప్రయోజనం కోసమే, జాగరూకతతో వ్యవహరించాలని ఎరిసా శాసిస్తే, ఒకసారి ఎంచి ఊరుకోక ఆ ఫండ్లను ఎప్పటికప్పుడు సమీక్షిస్తూ ఉండాలని 2015లో టిబుల్ వర్సెస్ ఎడిసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కంపెనీ దివాలా తీసినా దాని అప్పులవాళ్లు ఈ సొమ్మును ముట్టుకోలేకపోవడం ట్రస్టు వల్ల కలిగే గొప్ప రక్షణ. అయితే ఆ రక్షణను మించి దాని నుంచి ఆశించడం చరిత్రకు విరుద్ధం. 1963 డిసెంబరులో ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ కార్ల కర్మాగారం మూతపడినప్పుడు, పింఛను నిధిలో చాలినంత జమ లేనందువల్ల, 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న నాలుగు వేల పైచిలుకు కార్మికులకు రావలసినదానిలో సుమారు 15 శాతమే దక్కింది. పెట్టె తాళం ఎంత గట్టిదైనా లోపల వేయని డబ్బును కాపాడలేదు. 2001లో ఎన్రాన్ కూలినప్పుడు కథ వేరు. అక్కడ సొమ్ము ట్రస్టులోనే భద్రంగా ఉంది, కానీ అందులో సగానికి పైగా ఎన్రాన్ షేర్లే కావడంతో ఉద్యోగుల పొదుపు ఆ షేరు ధరతోపాటే కరిగిపోయింది.

భారతదేశంలో 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం కింద మినహాయింపు పొంది సొంత పీఎఫ్ ట్రస్టు నడిపిన కంపెనీలు, ప్రభుత్వం ప్రకటించిన వడ్డీకి తక్కువ పడితే ఆ లోటును తామే భర్తీ చేయాలన్న షరతుకు లోబడి ఉండేవి. ఆ అలవాటుతో వెళ్లినవారు 401(కె)లోనూ అలాంటి హామీ ఉంటుందనుకుంటే పొరబడినట్టే. మార్కెట్ నష్టం పూర్తిగా ఉద్యోగిదే.

కాబట్టి పాఠకులు ముందుగా చేయవలసింది జీతపు చీటీలో కోత పడిన తేదీని, ఖాతాలో జమ అయిన తేదీని పక్కపక్కన పెట్టి చూసుకోవడం. జమ పదేపదే ఆలస్యమవుతుంటే కంపెనీని లిఖితపూర్వకంగా అడగాలి, సమాధానం రాకపోతే అమెరికా కార్మిక శాఖలోని ఉద్యోగుల ప్రయోజనాల భద్రతా విభాగానికి ఫిర్యాదు చేయాలి.