మూలకణ వర్ధనము: ఒక పదవిమర్శ

శాస్త్రమునకు తెలుగుపేరు పెట్టిన చాలదు; ఆ పేరు వస్తుస్వభావమును చూపవలెను. “మూలకణ వర్ధనము” అను వాడుకను ఈ దృష్టితో పరిశీలింతము.

“మూలకణము” చక్కని పదము. ఆంగ్లమునకు మక్కికి మక్కిగా “కాండకణము” అనిన బాలుడు చెట్టుబోదెను తలచును. మూలమనగా పలువిధముల కణములకు పుట్టిల్లను భావము స్ఫురించును. కొరత రెండవ పదమునందున్నది. వర్ధనమనగా పెంచుట. సూక్ష్మజీవులకు సంఖ్య పెరుగుట చాలును. మూలకణమో, పెరుగుచునే చర్మముగనో నాడిగనో మారిపోక తన మూలత్వమును నిలుపుకొనవలెను. పైరు పెరుగవలెను గాని వెన్ను తీయరాదన్నంత చిక్కు ఇది.

1998లో అమెరికాలో థామ్సన్ బృందము మానవ పిండ మూలకణములను, విభజన ఆపివేసిన ఎలుకకణముల పొరపై నిలిపినది. ఆ పొరను “దాదికణములు” అనిన మన పిల్లలకు సులువుగా బోధపడును. పోషకద్రవమును తరచు మార్చుట, గుంపులు ముదురకముందే విడదీసి క్రొత్తపాత్రలకు చేర్చుట, ఇవన్నియు స్థితిని కాపాడు పనులే. బెంగళూరు జక్కూరునందలి జవాహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రమువారును 2009లో ఇట్టి రెండు కణపరంపరలను ప్రకటించిరి.

పెంచి మార్చుటయే ప్రయోజనమైన చోట స్థితిరక్షణ మెందులకని కొందరనవచ్చును. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 మొదలు, నల్లగ్రుడ్డు అంచునుండి తీసిన మూలకణములను ఉమ్మనీటి సంచి పొరపై పెంచి దెబ్బతిన్న కంటికి అతికించిరి. 2011 నాటి నివేదికలో 200 కన్నులకు 142 కుదుటబడినట్లున్నది. తక్కినవి ఏల కుదుటబడలేదు? ఇట్టి ప్రశ్నకు కొంత సమాధానము 2010లో ఇటలీ శాస్త్రజ్ఞులు 112 మంది రోగులపై ప్రకటించిన పరిశోధనలో దొరకును. పెంచిన కణములలో మూలలక్షణము గలవి నూటికి మూడుకు మించినచోట 78 శాతము, మించనిచోట 11 శాతము మాత్రమే సఫలమైనవి. ఫలమును నిర్ణయించునది రాశి కాదు, నిలిచిన మూలత్వము.

కావున “వర్ధనము” సరసన “స్థితిరక్షణము” అను పదమును మన పాఠ్యములందు చేర్చవలెనని నా ప్రతిపాదన. చిక్కపేటలో ఇంట తెలుగును, వీథిని కన్నడమును, శాస్త్రమున ఆంగ్లమును వినుచు పెరుగు బాలురకు మాతృభాష ఆలోచనాసాధనము కావలెనన్న పదములు సగము సత్యముతో ఆగరాదు. మూలకణ చికిత్సాప్రకటనలు చూచిన తెలుగువాడు “ఎన్ని పెంచితిరి?” అని ఊరకుండక, “ఏ స్థితిలో నిలిపితిరి?” అనియు అడుగగలిగిననాడు ఈ విమర్శకు సార్థకత.