మూడో డైవ్ కోసం ఉదయమే ఎంచుకోవాల్సిన గాలి

వరంగల్ పల్లెల్లో ఈత నేర్చుకోవడమంటే మోటబావిలో దూకడమే. నడుముకు ఎండిన సొరబుర్రో, బెండో కట్టుకుని మొదలుపెట్టినవాళ్లు కొన్నాళ్లకు అవి విప్పేసి, బావి అడుగు మట్టి పిడికిట పట్టుకొచ్చి గట్టుమీద వాళ్లకు చూపించేవారు. చెరువులో మనిషి గల్లంతైతే ఊరు పిలిచేదీ ఇలా తయారైన గజ ఈతగాళ్లనే. వాళ్లు ఎన్నిసార్లు మునిగినా, మునిగిన ప్రతిసారీ వెంట తీసుకెళ్లేది గుండెల నిండా పీల్చిన ఒక్క ఊపిరి.

స్కూబా డైవింగ్‌లో ఈ లెక్క మారిపోతుంది. అక్కడ నీళ్ల అడుగున, ఆ లోతులోని ఒత్తిడితో సమానమైన ఒత్తిడి ఉన్న గాలిని ముప్పావుగంట పాటు పీలుస్తూనే ఉంటాం. ఆ గాలిలో ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ 21 శాతమే. మిగిలినదంతా దాదాపు నైట్రోజన్. ఒంటికి పనికిరాని ఆ నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరిగి నిలిచిపోతుంది. తొందరపడి పైకి వస్తే బుడగలు కట్టి కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తెస్తుంది.

ఇప్పుడు వరంగల్, హనుమకొండ కుర్రకారు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి విశాఖలో దిగి, రుషికొండలో తొలిసారి సముద్రంలో మునుగుతున్నారు. రుచి మరిగినవాళ్లు అండమాన్ దాకా వెళ్లి రోజుకు రెండు మూడు డైవ్‌లు చేస్తున్నారు. సిలిండర్‌లో ఏ గాలి నింపించుకోవాలన్న ప్రశ్న వీళ్లకే వస్తుంది. దానికి జవాబు మొదటి డైవ్‌ను చూసి చెప్పేది కాదు, ఆఖరి డైవ్‌ను చూసి చెప్పేది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

1908లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఒంట్లోని భాగాలన్నీ ఒకే వేగంతో నైట్రోజన్ పట్టుకోవని తేల్చాడు. సగం నిండడానికి 5 నిమిషాలు పట్టే భాగాల నుంచి 75 నిమిషాలు పట్టేవాటి దాకా అయిదు రకాలుగా లెక్కగట్టాడు. తర్వాత స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బూల్‌మన్ ఆ రకాలను 16 చేసి, అన్నిటికన్నా నిదానమైనదానికి 635 నిమిషాలు కేటాయించాడు. నేటి డైవ్ కంప్యూటర్లలో చాలావాటికి ఆయన లెక్కే ఆధారం. మన ప్రాంతం వాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. ఒక్క రాత్రి గట్టి వాన కురిస్తే ఊరి కుంట నిండుతుంది, అంతే త్వరగా ఎండుతుంది. కాకతీయుల నాటి పాఖాల చెరువు నిండడానికీ నెలలే, తగ్గడానికీ నెలలే. రెండు డైవ్‌ల మధ్య పడవలో గంటసేపు కూర్చుంటే ఒంట్లోని కుంటలు ఖాళీ అవుతాయి, పాఖాల మాత్రం అలాగే ఉంటుంది. రెండో డైవ్‌తో దాని మట్టం ఇంకాస్త పెరుగుతుంది, మూడోదానితో ఇంకాస్త. అందుకే ఉదయం దిగిన లోతుకే మధ్యాహ్నం దిగినా, అక్కడ ఉండదగిన సమయం తగ్గిపోతుంది.

దీనికి డైవర్లు కనుక్కున్న ఉపాయమే నైట్రాక్స్. గాలిలో ఆక్సిజన్ వాటా పెంచి, ఆ మేరకు నైట్రోజన్ తగ్గించడమే ఇందులోని కిటుకు. వాడుకలో ఎక్కువగా ఉన్నవి 32 శాతం, 36 శాతం మిశ్రమాలు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాలో మోర్గన్ వెల్స్ 1970ల చివర్లో దీనికి ఒక పద్ధతి ఏర్పరిచాడు. 1985లో అదే సంస్థ నుంచి వచ్చిన డిక్ రుట్‌కౌస్కీ మామూలు డైవర్లకు నేర్పడం మొదలుపెట్టాడు. ప్రమాదకరమని మొదట్లో వ్యతిరేకించిన పెద్ద శిక్షణ సంస్థలే 1990ల మధ్యకల్లా సొంతంగా కోర్సులు పెట్టాయి.

నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర, పైనున్న గాలితో కలిపి, మొత్తం మూడు. అక్కడ 32 శాతం నైట్రాక్స్ పీల్చేవారి ఒంట్లో చేరే నైట్రోజన్, మామూలు గాలితో సుమారు 16 మీటర్ల దగ్గర చేరేదానితో సమానం. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడి పట్టిక ప్రకారం గాలితో 20 మీటర్ల దగ్గర 45 నిమిషాలు ఉండొచ్చు, 16 మీటర్ల దగ్గర 72 నిమిషాలు ఉండొచ్చు.

ఇది చూడగానే 27 నిమిషాలు లాభమనిపిస్తుంది. ఆ మాట నమ్మే ముందు సిలిండర్ వైపు చూడాలి. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపితే 2400 లీటర్ల గాలి. చివరి 50 బార్లు ముట్టుకోకూడదు, కాబట్టి వాడుకోవడానికి మిగిలేది 1800. కొత్తవాళ్లు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుంటే, 20 మీటర్ల లోతున అది 60 అవుతుంది. 30 నిమిషాల్లో అయిపోతుంది. పట్టిక 45 నిమిషాలిచ్చినా, 72 ఇచ్చినా వాళ్లు అరగంటకే పైకి రావాలి. నైట్రాక్స్ గాలిని ఆదా చేయదు. మొదటి డైవ్‌లో దాని మేలు కంటికి కనిపించదు. మేలంతా మధ్యాహ్నం కనిపిస్తుంది, రెండు డైవ్‌ల నైట్రోజన్ ఒంట్లో ఉండి, పట్టిక ఇచ్చే సమయం సిలిండర్ ఇచ్చే సమయం కంటే తగ్గిపోయినప్పుడు. కొందరు డబ్బు కలిసొస్తుందని మొదటి రెండు డైవ్‌లూ గాలితో చేసి, మూడోదానికి నైట్రాక్స్ తీసుకుంటారు. అప్పటికే పాఖాల నిండి ఉంటుంది. తీసుకుంటే ఉదయం నుంచే తీసుకోవాలి.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. 12 మీటర్ల దగ్గర గాలితోనే 147 నిమిషాల అనుమతి ఉంది. రుషికొండలో ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని దిగే కొత్తవాళ్లు అంతకన్నా లోతుకు పోరు. వాళ్లకు మామూలు గాలే మంచిది. 18 నుంచి 30 మీటర్ల మధ్య, రోజుకు రెండు మూడు, వరుసగా నాలుగైదు రోజులు చేసేవారికే నైట్రాక్స్ విలువ తెలుస్తుంది. దాంతో అలసట తగ్గుతుందని చాలామంది చెబుతారు. అది రుజువైన మాట కాదు, దానికోసం కొనకండి.

నైట్రోజన్ తగ్గిందంటే ఆక్సిజన్ పెరిగినట్టే కదా, అక్కడుంది అసలు ప్రమాదం. ఒత్తిడి పెరిగితే ఆక్సిజన్ కూడా విషమవుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లోనే రాశాడు. హద్దు దాటితే మూర్ఛ వస్తుంది. ఒడ్డున మూర్ఛపోతే తేరుకోవచ్చు. నీళ్లలో నోటిలోని రెగ్యులేటర్ జారిపోతే మనిషి దక్కడు. అందుకే ఆక్సిజన్ వాటా ఒత్తిడి 1.4 అట్మాస్ఫియర్లు దాటకూడదని నియమం. 32 శాతం మిశ్రమంతో ఆ హద్దు 33 మీటర్లకు వస్తుంది, 36 శాతంతో 28 మీటర్లకే. మామూలు గాలితో 56 మీటర్ల దాకా రాదు. నైట్రాక్స్ ఉందని ఇంకా లోతుకు పోదామనుకునేవారికి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఆక్సిజన్‌కూ రోజువారీ పద్దు ఉంది. నోవా పట్టిక ప్రకారం 1.4 దగ్గర ఒక డైవ్‌కు 150 నిమిషాలు, 24 గంటల్లో మొత్తం 180 నిమిషాలు. 1.0 దగ్గరైతే 300. 32 శాతంతో 20 మీటర్ల దగ్గర ఆక్సిజన్ వాటా ఒత్తిడి 0.96 మాత్రమే. అక్కడ 45 నిమిషాల చొప్పున మూడు డైవ్‌లు చేస్తే 135 నిమిషాలు, పద్దులో సగం కూడా కాదు. అందుకే, హద్దుకు బాగా ఇవతల ఆగడమే రోజంతా డైవ్ చేసేవారి తెలివి. నేనైతే ఇంకో అడుగు వెనక్కి వేయమంటాను: సిలిండర్‌లో నైట్రాక్స్ ఉంచుకుని, సమయం మాత్రం గాలి పట్టిక ప్రకారం పాటించడం. నడివయసు దాటినవారికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు. లోతు హద్దు మాత్రం మిశ్రమాన్ని బట్టే చూసుకోవాలి.

ఈ గాలి తయారీ చూడదగ్గది. ఖాళీ సిలిండర్‌లోకి ముందు శుద్ధమైన ఆక్సిజన్‌ను సుమారు 28 బార్ల దాకా చాలా నెమ్మదిగా వదులుతారు. తర్వాత నూనె తగలని శుభ్రమైన గాలితో 200 బార్లకు నింపితే 32 శాతం వస్తుంది. వాల్వులో ఒక్క చుక్క గ్రీజు ఉన్నా ఆక్సిజన్‌కు అంటుకుని మండే ప్రమాదముంది. నింపినవారు చెప్పిన అంకెను డైవర్ నమ్మకూడదు. ఆక్సిజన్ శాతం కొలిచే ఎనలైజర్‌ను ముందు మామూలు గాలిలో పెట్టి 20.9 చూపేలా సరిచేయాలి. సిలిండర్ వాల్వును కొద్దిగా, గాలి బుస్సుమనేంత మాత్రమే తిప్పి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. 32 అడిగితే 34.1 వచ్చిందనుకోండి, లోతు హద్దు 33 నుంచి 31 మీటర్లకు తగ్గిపోయింది. ఆ శాతం, ఆ లోతు, తేదీ ఒక టేపు మీద రాసి సిలిండర్‌కు అంటించి, పక్కన సంతకం పెట్టాలి. కంప్యూటర్‌లోనూ అదే శాతం పెట్టాలి. ఎవరు పీల్చేది వాళ్లే కొలుచుకోవడం డైవర్లలో తిరుగులేని ఆచారం. గురువైనా శిష్యుడి తరఫున సంతకం పెట్టడు. నైట్రాక్స్ వాడకంలో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్నది ఈ అలవాటు మీద.

డైవ్ డైవ్‌కూ ఒంట్లో వాయువు పేరుకునే చిక్కుకు విశాఖ నౌకాదళం దగ్గర పూర్తిగా మరో జవాబుంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు దాకా డైవర్లను దింపగల ఓడ అది. ఆ లోతుల్లో నైట్రోజన్ మత్తెక్కిస్తుంది కనుక దాని బదులు హీలియం కలిపిన వాయువు పీలుస్తారు. పైకీ కిందికీ తిరగకుండా, రోజుల తరబడి ఒత్తిడి గదిలోనే ఉంటారు. ఒళ్లు ఒకసారి వాయువుతో పూర్తిగా నిండాక ఇంకా నిండదు, కాబట్టి పైకి రావాల్సింది ఒక్కసారే.

మనలాంటివాళ్లకు ఆ ఏర్పాటు లేదు. కాబట్టి లోతైన డైవ్ ఉదయమే ముగించాలి. డైవ్‌ల మధ్య గంటకు తక్కువ కాకుండా విరామం, పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల నిలుపు తప్పనిసరి.

విశాఖ వెళ్లే మనవాళ్లకు మరో మాట. పొద్దున రుషికొండ, సాయంత్రం అరకు అని ప్లాన్ వేసుకుంటుంటారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. దారిలో ఘాట్ అంతకన్నా ఎత్తుకు తీసుకెళ్తుంది. ఒంట్లో నైట్రోజన్‌తో అంత ఎత్తు ఎక్కడం విమానం ఎక్కడం లాంటిదే. వరుస డైవ్‌లు చేసినవారు విమానానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది అంతర్జాతీయంగా పాటించే సూచన. ఘాట్‌కూ అదే పాటించండి. అరకు ముందురోజు చూసేయండి, సముద్రం ఆఖరున పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి రైలే మేలు.