ముడి వీడిన తరువాత

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నతో ఫిలింనగర్ 2015 నుంచి 2017 దాకా జనాన్ని కాచుకునేలా చేసింది. జవాబు తెలిసిపోయిన ఎనిమిదేళ్లకు, 2025లో, రెండు భాగాలనూ ఒక్కటిగా కుదించి విడుదల చేస్తే జనం మళ్లీ వెళ్లారు. దీన్ని వట్టి వ్యామోహమని కొట్టిపారేయలేం. ఉత్కంఠ తీరాక కూడా శివగామి పాత్ర నిలిచింది. అయితే మాహిష్మతి ప్రజలకు మంచి రాజా, చెడ్డ రాజా అన్న విచారమే తప్ప అసలు రాజెందుకన్న ఆలోచన రాదని కూడా రెండోసారే తెలుస్తుంది. కట్టప్ప తరతరాల బానిసత్వం అక్కడ విధేయతగా కీర్తి పొందుతుంది.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' వరుసగా చదవండి. (మొదటిది సినిమా కూడా అయింది లెండి.) నిజాం కాలంలో దొర కింద నలిగిన తెలంగాణ పల్లె ఆపైన ఏమైందన్న ఆరాటమే మనల్ని ఒక నవల నుంచి మరోదానికి నడిపిస్తుంది. మొదటి చదువు కథ వెంట పరుగెత్తుతుంది. రెండో చదువుకు వెట్టివాళ్ల పలుకుబడి చెవిన పడుతుంది.

మా బడిపిల్లలు బాహుబలి సంభాషణలు గడగడా అప్పజెబుతారు. మంచిదే, తిరిగి చూసే అలవాటు వాళ్లకుంది. కట్టప్ప ఆ ఆజ్ఞను ఎందుకు కాదనలేకపోయాడని ఈసారి వాళ్లను అడగాలి.