‘చదివించాడు’ అనే మాట

మన స్వీయచరిత్రల్లో, సన్మానపత్రాల్లో పెళ్లయిన స్త్రీ చదువు గురించి తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ‘భర్త చదివించాడు.’ నేనూ రాశాను. ఈ నాలుగు మాటలూ ఆ వాక్యం గురించే.

భండారు అచ్చమాంబ (1874-1905) సంగతే చూడండి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమెకు చదువు నేర్పాడని చెప్పుకుంటాం. అది నిజమే. అయితే ఆ తమ్ముడు అక్క ఇంట్లో ఉండి చదువుకున్నవాడు. అక్క చదివించిందని మాత్రం మనం అనం. ఆ క్రియకి కర్త మగవాడే అయివుండాలని ఎక్కడ నేర్చుకున్నామో!

ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987)లో అరుణ చదువు ముగించి, ఉద్యోగం వచ్చాకే పెళ్లి చేసుకుంటుంది. ఆ వరస నాకు ఇష్టం. నా క్లాసులో కూర్చునే అమ్మాయిలకి మాత్రం అది దక్కదు. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మికి పద్దెనిమిదేళ్లు నిండాలన్నారు. డిగ్రీలో చేరే వయసూ సుమారుగా అదే. చదువు మధ్యలో పెళ్లయి, భర్త కూడా చదువుతుంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? ఈ కథ మనవాళ్లు రాయగా నేను చదవలేదు.

నా విద్యార్థిని ఒకామె నిర్మల్ వైపు పిల్ల. గోదావరి దాటి జగిత్యాల వైపు కోడలిగా వచ్చింది. నది దాటితే యూనివర్సిటీ మారుతుంది. ఆదిలాబాద్ కాలేజీలు కాకతీయ కింద ఉంటే, కరీంనగర్‌వి 2008లో ఏర్పడిన శాతవాహన కిందికి వచ్చాయి. టీసీ, మెమోలు పట్టుకుని తిరగడంలోనే ఆమెకి కొన్ని నెలలు పోయాయి. ఎప్పుడో ఆగిపోయిన డిగ్రీని భర్త కూడా మళ్లీ మొదలుపెట్టాడు. ఇద్దరూ గోడ క్యాలెండర్ మీద ఆరు సెమిస్టర్లూ రాసుకున్నారు. ఎవరు ఏ పేపరు ఎప్పుడు గట్టెక్కాలో లెక్క వేసుకున్నారు.

2016లో సెమిస్టర్ పద్ధతి వచ్చినప్పుడు నేను సంతోషించాను, సిలబస్ చిన్న ముక్కలవుతుంది కదా అని. పాత వార్షిక పద్ధతిలో మార్చి నెల ఒక్కటి కష్టపడితే పరీక్ష దాటొచ్చు. ఇప్పుడు ఇంటర్నల్స్‌కి మనిషి కాలేజీలో కనపడాలి. ఒక సెమిస్టర్ పేపరు పోతే సాధారణంగా ఏడాది తిరిగితేగానీ మళ్లీ రాదు. ఆమెకి ఐదో సెమిస్టర్ పరీక్షల్లోనే కాన్పు వచ్చింది. క్యాలెండర్‌లో ఆయన గళ్లన్నీ టిక్కులతో నిండాయి. ఆయన సకాలంలో డిగ్రీ పుచ్చుకున్నాడు, ఆమె ఏడాది తర్వాత. పీహెచ్‌డీ చేసే స్త్రీకి 240 రోజుల ప్రసూతి సెలవు యూజీసీ 2016 నిబంధనల్లోనే ఉంది. డిగ్రీ, పీజీ అమ్మాయిలకీ అలాంటి నిబంధనలు చేసుకోమని 2021 డిసెంబరులో యూనివర్సిటీలకి రాసింది. బోర్డుల్లో కూర్చునే మనలో ఎంతమందిమి ఆ ఉత్తరం తీసి చదివాం?

కాలేజీ సావనీర్‌లో నేను వాళ్లని ‘ఆదర్శ జంట’ అన్నాను. ‘ఇల్లాలిని తనతోపాటు చదివిస్తున్న సహృదయుడు’ అని కూడా రాశాను. అది చదివి ఆమె స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది.

“మేడమ్, ఆయన మంచోడే. గని నన్ను చదివియ్యలె. ఇద్దరం చదువుకున్నం. ఇద్దరి ఫీజులు నేను బీడీలు చేసిన పైసలతోనే కట్టినం.”

తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి వెయ్యి బీడీలు చేస్తేగానీ ఒక లెక్క కాదు. ఆ చాటలో పుస్తకం తెరిచిపెట్టుకుని చదివానని చెప్పింది. ఆయన పరీక్షలున్న నెలలో చాట పక్కన పుస్తకం ఉండేది కాదట. ఆ నెల బీడీలు ఎక్కువ చెయ్యాల్సి వచ్చేదట.

సహకరించిన భర్తని మెచ్చుకోవద్దా అని మిత్రురాలొకరు అడిగారు. మెచ్చుకుందాం. ఆయన అన్నం వండాడు, బిడ్డని ఎత్తుకున్నాడు, నేను చూశాను. అయినా ఆమె ఫీజు లెక్క అడగకుండానే నేను ఆ వాక్యం రాయగలిగాను. ఇరవై ఏళ్లుగా స్త్రీవాద సాహిత్యం పాఠం చెప్తున్నదాన్ని.

ఆ సావనీర్ మా లైబ్రరీలో ఉంది. మరుసటి సంచికలో సవరణ వేద్దామంటే, ఇది అచ్చుతప్పు కాదు కదా మేడమ్ అన్నారు.